కొండదారిలో త్రాగునీరు: చేతివడపోతను గూర్చిన సమీక్ష

లీటరు నీరు కిలోగ్రాము తూగును. మూపున గుడారమును, పడక సంచిని, వారము దినముల గ్రాసమును మోసికొని కొండలెక్కు మనిషికి దినమునకు మూడు నాలుగు లీటర్ల నీరు కావలసియుండగా, వారమునకు సరిపడు నీటిని ఇంటినుండియే మోసికొనిపోవుట ఎంతటి బలశాలికిని సాధ్యము కాదు. కావున కాలినడకన అడవులను, కొండలను దాటువాడు దారిలో దొరకిన నీటినే త్రాగవలెను. అది రాళ్లమీద గలగలలాడు సెలయేరు కావచ్చును, మంచు కరగి దిగివచ్చిన పాయ కావచ్చును, పశువులు దిగి కలచిన మడుగే కావచ్చును. ఆ నీటిని శుద్ధిచేసికొను ఉపాయములు అనేకములు కలవు. వానిలో మిక్కిలి తేలికయైనదియు, నేడు దూరపు కాలిబాటలపై విశేషముగా వాడుకలోనున్నదియు చేతితో పిండెడు ఫిల్టరు. మెత్తని ప్లాస్టిక్ సంచిలో నీరు పట్టి, దాని మూతికి పిడికిటిలో ఇముడు వడపోత గొట్టమును మరతో బిగించి, సంచిని రెండు చేతులతో నొక్కినచో ఆవలి కొసనుండి తేటనీరు సీసాలోనికి దిగును. ఈ సాధనము ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు, మన దేశపు కొండలలో దీనిని ఎంతవరకు నమ్మవచ్చును అను విషయములను దీని పూర్వచరిత్రతోను, దీనికి పోటీగా నున్న ఉపాయములతోను కలిపి విచారించుటకై ఈ వ్యాసము వ్రాయబడినది.

ముందుగా దాని లోపలి నిర్మాణమును చూతము. పైకి జానెడైనను లేని ప్లాస్టిక్ గొట్టము. లోపల సన్నని బోలు పోగుల కట్ట. వరిగడ్డి పోచలను గుప్పెడు తీసి, నడిమికి మడచి, కొసలన్నియు ఒకవైపునకు వచ్చునట్లు పట్టి, ఆ కొసల నడుమనున్న సందులను మాత్రమే లక్కతో పూడ్చి, పోచల బోలుకన్నములను తెరచియుంచినచో ఎట్లుండునో ఈ కట్టయు నట్లే యుండును. ప్రతి పోగు గోడయందును కంటికి కనబడని రంధ్రములు అసంఖ్యాకములుగా నుండును. వాని వ్యాసము చాల ఫిల్టర్లలో 0.1 మైక్రాను, అనగా మిల్లీమీటరులో పదివేలవ వంతు. మురికినీరు పోగులకు వెలుపల నిలిచి, గోడల రంధ్రములగుండ లోని బోలులోనికి చొచ్చుకొనిపోయి, తెరచిన కొసలనుండి బయటికి వచ్చును. రంధ్రముకంటె పెద్దదైన దేదియు వెలుపలనే నిలిచిపోవును. ఇందులో మందు లేదు, విద్యుత్తు లేదు, కదలెడు భాగము లేదు. రంధ్రపు వ్యాసము సగమైనచో దానిగుండ పారు నీరు పదునారవ వంతునకు తగ్గునని ద్రవశాస్త్ర నియమము. అంత సన్నని రంధ్రములగుండ చేతి బలముతోనే నీరు ధారగా వచ్చుచున్నదన్నచో, దానికి కారణము ఆ చిన్న గొట్టములో మడచి యిమిడ్చిన పోగుల గోడల విస్తీర్ణమే.

నీటిలోని రోగకారకముల పరిమాణములను ఈ రంధ్రపు కొలతతో పోల్చి చూచినచో విషయము చాలవరకు తేటపడును. నెలల తరబడి విరేచనములు కలిగించు జియార్డియా కోశము 8 మొదలు 12 మైక్రాన్ల పొడవుండును; క్రిప్టోస్పోరిడియం కోశము 4 మొదలు 6 మైక్రాన్లుండును. కలరా, టైఫాయిడు, రక్తగ్రహణి కలిగించు బాక్టీరియాలు సుమారు అర మైక్రాను లావును, రెండు మూడు మైక్రాన్ల పొడవును కలవి. ఇవి యన్నియు 0.1 మైక్రాను రంధ్రమును దాటజాలవు. కాని కామెర్లు కలిగించు హెపటైటిస్ ఎ, ఇ వైరసులును, పోలియో వైరసును సుమారు 0.03 మైక్రాను మాత్రమే యుండును. పసిపిల్లలను పీడించు రోటావైరసు కొంచెము పెద్దదైనను ఆ రంధ్రముకంటె చిన్నదే. ఇవి ఫిల్టరును దాటి తేటనీటితో కలసి సీసాలోనికి వచ్చును. ఈ సాధనమును గూర్చి చెప్పవలసిన మాటలలో ముఖ్యమైనది ఇదియే. తక్కిన విచారణ యంతయు దీని చుట్టునే తిరుగును.

ఈ పరిమితి నేటిది కాదు. 1884లో పారిస్‌లో పాస్టర్ ప్రయోగశాలయందు పనిచేయుచుండిన చార్లెస్ చాంబర్లాండ్ మెరుగులేని పింగాణితో ఒక గొట్టపు వడపోతను నిర్మించెను. బాక్టీరియాలను పూర్తిగా ఆపగలిగిన ఆ సాధనము ప్రయోగశాలలకును, గృహములకును గూడ గొప్ప యుపకారము చేసెను. 1892లో రష్యను శాస్త్రజ్ఞుడు ద్మిత్రి ఇవనోవ్‌స్కీ తెగులు పట్టిన పొగాకు ఆకుల రసమును ఆ పింగాణి గొట్టములో వడపోసి, వడిసిన రసము క్రొత్త మొక్కలకు తెగులు నంటించుటను గమనించెను. 1898లో హాలెండు దేశస్థుడైన బైయెరింక్ ఆ కారకము బాక్టీరియా కాదనియు, వేరొక జాతి పదార్థమనియు నిర్ణయించి దానికి వైరసని పేరిడెను. అనగా వైరసు అను వస్తువు మానవునికి మొట్టమొదట తెలిసివచ్చినదే వడపోతను దాటి వచ్చిన వస్తువుగా. పింగాణికి బదులు ప్లాస్టిక్ పోగులు వచ్చినవి, బరువు తగ్గినది, ధార పెరిగినది. కాని చాంబర్లాండ్ గొట్టము ఎచ్చట ఓడినదో చేతివడపోతయు అచ్చటనే ఓడుచున్నది.

అట్లని వడపోతను తక్కువచేసి చూడరాదు. అదే 1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున కలరా ప్రబలి 8,000 మందికి పైగా మరణించిరి. ఆ నగరము ఎల్బ్ నది నీటిని వడపోయకయే ఇంటింటికి పంపుచుండెను. దానిని ఆనుకొనియే యున్న ఆల్టోనా పట్టణము అదే నదిలో, హాంబర్గు మురుగు కలసిన తరువాత, దిగువన నీరు పట్టుకొనుచుండియు, ఇసుక పొరలగుండ మెల్లగా వడపోయుచుండుటచే చాలవరకు రక్షింపబడెను. ఒకే వీథికి ఒకవైపున మరణములు, వేరొకవైపున ఆరోగ్యము. రెంటికిని నడుమ ఇసుక పొర. రాబర్ట్ కాక్ ఈ యుదాహరణమునే లోకమునకు చాటెను.

మన దేశమున నీటిని శుద్ధిచేయు సంప్రదాయము అతి ప్రాచీనము. కతకఫలముతో, అనగా మన పల్లెలలో చిల్లగింజ యని పిలువబడు గింజతో, నీటిని తేర్చుట సుశ్రుత సంహితలో చెప్పబడినది. ఆ గింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీరు పోసినచో మన్ను అడుగునకు దిగును. బిందె మూతికి గుడ్డ కట్టి నీరు వడగట్టుట మన యిండ్లలో తరతరముల అలవాటు. ఆ గుడ్డ విలువను తక్కువగా నెంచువారు నారికురుపు చరిత్రను స్మరింపవలెను. దిగుడుబావులలోని సూక్ష్మమైన నీటిపురుగులను మ్రింగినవారి దేహములో రెండు మూరల వరకు పొడవు పెరిగి, కాలి చర్మమును చీల్చుకొని వెలికివచ్చు ఆ నారి, ఆంధ్ర ప్రదేశ్‌తో పాటు పలు రాష్ట్రముల గ్రామములను తరతరములుగా బాధించినది. దానికి టీకా లేదు, మందు లేదు. బావుల మెట్లు తొలగించుట, నీటిని మందుతో శుద్ధిచేయుట, గుడ్డతో వడగట్టుట అను పనుల చేతనే అది నశించెను. భారతదేశమున కడపటి రోగి 1996లో కనబడగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమును ఆ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించెను. ఆఫ్రికాలో అదే వ్యాధిపై పోరునకు, బాటసారులు మెడలో వ్రేలాడగట్టుకొని మడుగునకు వంగి పీల్చుకొనుటకై, కొసన సన్నని వల బిగించిన గొట్టములను పంచిరి. ఆ కృషికి వడపోత గుడ్డలు చేసి యిచ్చిన వెస్టర్‌గార్డ్ సంస్థయే 2005లో లైఫ్‌స్ట్రా అను పీల్చెడు ఫిల్టరును వెలువరించెను. బంగ్లాదేశ్‌లో రీటా కోల్వెల్ బృందము పాత చీర గుడ్డను పలు మడతలు పెట్టి నీరు వడగట్టించి, గ్రామములలో కలరా సుమారు సగమునకు తగ్గుటను 2003లో ప్రకటించెను. కలరా క్రిమి నీటిపురుగుల నంటిపెట్టుకొని యుండుటయే ఆ ఫలితమునకు మూలము. కొండలెక్కు వినోదమునకై ధనికదేశముల దుకాణములలో అమ్ముడగు వస్తువునకు, బీదపల్లెల బావిగట్టున పుట్టిన ఉపాయమునకు ఇంత దగ్గరి బంధుత్వ మున్నది.

బోలు పోగు మాత్రము ఆసుపత్రినుండి వచ్చినది. 1960 దశకమున మూత్రపిండములు చెడినవారి రక్తమును శుద్ధిచేయుటకై అమెరికాలో ఇట్టి పోగుల కట్టను నిర్మించిరి. నేడు డయాలిసిస్ గదిలో రోగి ప్రక్కన నిలువుగా బిగించియుండు తెల్లని గొట్టములో నున్నది అట్టి కట్టయే. రక్తము నడచిన దారినే కాలక్రమమున త్రాగునీరును నడచినది.

ఇప్పుడు దొరకు వానిలో మూడు రకములను పేర్కొనిన చాలును. సాయర్ స్క్వీజ్ సుమారు 85 గ్రాముల బరువు కలది, రంధ్రము 0.1 మైక్రాను, ధార మందగించినప్పుడు వెంట నిచ్చిన సిరంజితో శుద్ధమైన నీటిని ఎదురు దిశలో బలముగా నెట్టి కడుగవలెను. కటడిన్ బిఫ్రీకి రంధ్రము అదియే. సిరంజి అక్కరలేదు, నీటిలో ముంచి ఆడించినను, కుదిపినను పోగుల మురికి వదలును. దాని ఆయువు 1,000 లీటర్లని తయారీదారులు చెప్పుదురు. ప్లాటిపస్ క్విక్‌డ్రా రంధ్రము 0.2 మైక్రాను, ధార వేగము దాని విశేషము. 0.1 కును 0.2 కును గల భేదము బాక్టీరియా విషయమున ఆచరణలో స్వల్పము, వైరసు విషయమున శూన్యము. నా యభిప్రాయమున ఎన్నికకు కొలబద్ద కావలసినది ధార వేగము కాదు. మురికి పట్టిన తరువాత కొండమీద దానిని ఎంత సులభముగా కడుగవచ్చును, సంచి చినిగినచో వేరొక సీసా దానికి పట్టునా యనునవియే కావలెను. 28 మిల్లీమీటర్ల మర కల ఫిల్టరు సోడా సీసాలకు పట్టును. 42 మిల్లీమీటర్ల మరకు ప్రత్యేకపు సంచి కావలెను. మన దుకాణములలో దొరకు నీళ్ల సీసాల మూతిమరలు అన్నియు ఒకటి కావు గనుక, బయలుదేరుటకు ముందే ఇంటిలో బిగించి, తలక్రిందులు చేసి, కారుచున్నదో లేదో చూచుకొనుట ఉత్తమము.

వాడుకలోని మెలకువలు గ్రంథములలో చెప్పబడినంత తేలిక కావు. లోతులేని వాగులో మెత్తని సంచిని ముంచినచో అది నిండదు. రెండు పొరలును ఒకదానికొకటి అంటుకొనిపోవును. దానిని నింపుటకు ఒక గిన్నెగాని, అడుగు కోసిన సీసాగాని ఉండవలెను. అదియు లేనిచో వెడల్పైన ఆకును రాతి అంచున దోనెవలె అమర్చి, దానిమీదుగా జారు ధారక్రింద సంచి మూతి పట్టవలెను. అడుగు బురద కదలనీయక, ఉపరితలపు నురుగును తప్పించి, నడిమి నీటిని తీయవలెను. తరువాత మర బిగించునప్పుడు లోపలి రబ్బరు వాషరు తన చోటనున్నదా యని చూడవలెను. అది జారిపడినచో మురికినీరు ఫిల్టరులోనికి పోక, మర ప్రక్కగా కారి, బయటి గోడమీదుగా దిగి, శుభ్రమైన సీసాలోనికే చుక్కచుక్కగా చేరును. సంచిని బట్ట పిండినట్లు మెలిపెట్టరాదు. అడుగునుండి చుట్టుకొనుచు నెమ్మదిగా నొక్కవలెను. ధార మందగించినప్పుడు మనుష్యుడు సహజముగా బలము హెచ్చించును. సంచి అతుకు వద్ద విచ్చిపోవుట ఆ క్షణముననే జరుగును. ఆ నిమిషమున చేయవలసినది బలము హెచ్చించుట కాదు, ఫిల్టరును కడుగుట. తొందరలేనివారు సంచిని కొమ్మకు వ్రేలాడదీసి, నీటి బరువుననే దానిని దిగనిచ్చి, ఆ వ్యవధిలో వంటకు కూర్చుండవచ్చును.

అన్నిటికంటె తరచుగా మరపునకు వచ్చునది చేతుల సంగతి. మురికినీటిలో ముంచిన చేతితోనే సీసా మూత తీసి, ఆ మూతను అదే తడి అరచేతిలో పట్టుకొని, నీరు నిండినపిమ్మట బిగించినచో, ఫిల్టరు ఆపిన క్రిములు మూత లోపలి అంచున చేరి నోటికి వచ్చును. మురికి సంచి ఒక చేతికి, శుభ్రమైన సీసా వేరొక చేతికి అని నియమము పెట్టుకొని, దానిని అలసిన సాయంకాలములందును తప్పకుండువాడు ఫిల్టరు ధరలో సగము విలువను ఆ నియమముచేతనే పొందును.

చల్లని నీరు మెల్లగా వడియుట చూచి ఫిల్టరు చెడినదని తలచువారు కలరు. మంచు కరగిన నీటి చిక్కదనము మన వేసవి నీటి చిక్కదనమునకు రెండింతలకు పైగా నుండును. ధార సగమగుట సహజమే. హిమానీనదముల క్రింది పాయలలో నీరు పాలవలె తెల్లగా నుండుట మరియొక చిక్కు. రాళ్ల రాపిడిచే పుట్టిన ఆ సన్నని పొడి పోగులను త్వరలో మూసివేయును. అట్టి నీటిని గిన్నెలో రాత్రియంతయు నిలువనిచ్చి పైతేటను తీసికొనవలెను. చిటికెడు పటిక కలిపినచో పని త్వరపడును. చిల్లగింజ చేయు పనియు నదియే. గుడ్డ, పటిక, పోగుల ఫిల్టరు అను క్రమము ఆధునికమునకును ప్రాచీనమునకును నడుమ విరోధము లేదని ఆచరణలో చూపుచున్నది.

ఇక ఈ సాధనమునకు పరమశత్రువు గడ్డకట్టు చలి. ఒకమారు తడిసిన ఫిల్టరు పోగులలో నీరు నిలిచియుండును. ఎంత విదిలించినను పూర్తిగా పోదు. రాత్రి చలి సున్నా డిగ్రీలకు దిగినచో ఆ నీరు మంచై, నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచించి, పోగులను చీల్చును. తెల్లవారి మంచు కరగినపిమ్మట గొట్టమునకు వెలుపల ఏ గుర్తును కనబడదు. నీరు యథాప్రకారము వచ్చును, మునుపటికంటె ధారాళముగా గూడ రావచ్చును, తేటగానే యుండును. చీలిన పోగుగుండ జియార్డియాయును, బాక్టీరియాయును స్వేచ్ఛగా పోవుచున్న సంగతి వారము పది దినముల తరువాత కడుపునకు తెలియును. అందుచేతనే గడ్డకట్టిన ఫిల్టరును పారవేయుమని తయారీదారులందరును హెచ్చరింతురు. క్విక్‌డ్రా వంటి కొన్నిటికి ఒక పరీక్ష కలదు: తడిసిన ఫిల్టరులోనికి శుభ్రమైన కొసనుండి నోటితో గాలి ఊదవలెను. సూక్ష్మరంధ్రములలో నీటి తలతన్యత గాలిని నిలిపివేయును. నోటి బలము దానిని జయింపజాలదు. కావున గాలి ధారాళముగా పోయినచో ఎక్కడనో పోగు తెగినదని నిశ్చయింపవచ్చును. చలికొండలలో ఫిల్టరును పగలు చొక్కా లోపలి జేబులోను, రాత్రి ప్లాస్టిక్ కవరులో చుట్టి పడక సంచిలోను ఉంచుకొనుట అలవాటుగా చేసికొనవలెను. కేదార్‌కంఠ వంటి శీతకాలపు యాత్రలకు పోవు మన యువకులు ఈ యొక్క నియమమును ఎరుగకపోవుట నన్ను మిక్కిలి కలవరపెట్టు విషయము.

పోటీగా నున్న ఉపాయములను త్వరితముగా చూతము. కాచుట సర్వోత్తమము, జంతుకోశములను, బాక్టీరియాలను, వైరసులను సమముగా చంపును. ఎత్తుకు పోవుకొలది నీరు తక్కువ వేడిమికే మరుగుటచే, సుమారు 2,000 మీటర్లకు దిగువన ఒక నిమిషమును, ఆపైన మూడు నిమిషములును మరిగించుమని అమెరికా వ్యాధినియంత్రణ సంస్థ చెప్పుచున్నది. కాని లీటరు చల్లని నీటిని మరిగించుటకు గాలి లేనిచోట గూడ సుమారు 15 గ్రాముల గ్యాసు కావలెను. దినమునకు నాలుగు లీటర్లన్నచో ఆ బరువు వారమునకు ఫిల్టరు బరువును ఎన్నియో రెట్లు మించును. కట్టెలు కొట్టి కాచుట, చెట్లు మెల్లగా పెరుగు ఎత్తైన అడవులకు హాని. క్లోరిన్ మాత్రలు తేలిక, చవుక. బాక్టీరియాలను, వైరసులను చంపును. క్రిప్టోస్పోరిడియం మాత్రము దానికి లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరమున క్లోరిన్ కలిపిన కుళాయి నీటిద్వారానే సుమారు 4,03,000 మంది ఆ క్రిమి వాత పడిరి. క్లోరిన్ డయాక్సైడు దానిని గూడ చంపును గాని నాలుగు గంటలు వేచియుండవలెను. అతినీలలోహిత కిరణముల దీపము తేటనీటిలో చక్కగా పనిచేయును. మురికినీటిలో కిరణములు క్రిములను చేరవు, బ్యాటరీ అయిపోయినచో చేయగలిగినదేమియు లేదు. గ్రేల్ వంటి నొక్కెడు సీసాలును, 0.02 మైక్రాను రంధ్రము కల ఎమ్మెస్సార్ గార్డియన్ పంపును వైరసులను గూడ ఆపును. అరకిలోకు దగ్గరైన బరువును, హెచ్చు ధరయు వాని లోపములు.

చేతివడపోత కీర్తి ఉత్తర అమెరికా కాలిబాటలపై పుట్టినది. మెక్సికో సరిహద్దునుండి కెనడా వరకు 4,265 కిలోమీటర్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌మీదను, తూర్పుననున్న సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రెయిల్‌మీదను నెలల తరబడి నడచువారికి ఇది నిత్యసహచరము. అచ్చటి అడవి నీటిలో భయము ప్రధానముగా జియార్డియాను గూర్చినది, పశువుల బాక్టీరియాను గూర్చినది. మనుష్యుల మలము చేరు అవకాశము తక్కువ గనుక వైరసుల భయము స్వల్పము. ఆ భయముల విషయమున గూడ పండితులలో భేదాభిప్రాయము కలదు. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా సెలయేళ్లను పరీక్షించిన రాబర్ట్ డెర్లెట్, పశువులు మేయుచోట్ల క్రింద నీరు చెడియుండుటను, మనుష్యుడును పశువును అరుదుగా పోవు ఎత్తులలో నీరు చాల శుభ్రముగా నుండుటను చూపెను. అంతకుముందే 2000లో థామస్ వెల్చ్ అప్పటి పరిశోధనల నన్నిటిని సమీక్షించి, అడవి నీటికిని జియార్డియా రోగమునకును సంబంధము కలదనుటకు సాక్ష్యము స్వల్పమని వ్రాసెను. వేరొకవైపున డేవిడ్ బౌల్‌వేర్ 1997లో అపలాచియన్ బాటను నడచినవారిని విచారింపగా, సగమునకు పైగా విరేచనములపాలైనట్లు తేలినది. నీటిని తప్పక శుద్ధిచేసికొన్నవారును, చేతులు, పాత్రలు శుభ్రముగా నుంచుకొన్నవారును తక్కువగా బాధపడిరి. ఈ రెండు వాదములును పరస్పరము ఖండించుకొనునవి కావని నా నమ్మకము. విరేచనములలో పెద్ద భాగము చేతులద్వారా వచ్చుననుట సత్యమే. అంతమాత్రమున నీటిని వదలివేయవచ్చునని తేలదు. మలవిసర్జన తరువాత సబ్బుతో చేతులు కడుగనివాడు ఎంత సూక్ష్మమైన వడపోతను మోసినను రక్షింపబడడు.

కాలిఫోర్నియాలో ఉద్యోగములు చేయుచు వారాంతములందు సియెరా కొండలకు పోవు తెలుగువారు నేడు చాలమంది కలరు. వారు సెలవులకు స్వదేశము వచ్చినప్పుడు అదే ఫిల్టరును హిమాలయములకు తీసికొనిపోవుటయు, వారిని చూచి ఇచ్చటి మిత్రులు తెప్పించుకొనుటయు జరుగుచున్నది. సాధనము సముద్రము దాటినది గాని, అది ఏ నీటికై యుద్దేశింపబడినదో ఆ నీరు దాటిరాలేదు. మన హిమాలయములలో తుది గ్రామమునకు పైనను మనుష్యవాసమున్నది. వేసవిలో బుగ్యాళ్లను ఎత్తైన పచ్చికబయళ్లపై గొఱ్ఱెల మందలును, వానితో గొల్లలును ఉందురు. తీర్థయాత్రికులు, వారి సామానులు మోయు కంచరగాడిదలు, శిబిరములు వేసిన యాత్రాసంస్థల మరుగుదొడ్ల గోతులు అన్నియు ఆ నీటివాలుననే యుండును. చేతివడపోత జంతుకోశములను, బాక్టీరియాలను ఆపును; మనుష్యునినుండి మనుష్యునికి వచ్చు వైరసును ఆపదు. ఇది హిమాలయములకే పరిమితము కాదు. నల్లమలలోని సలేశ్వరమునకు చైత్రపూర్ణిమ నాడు వేలకొలది భక్తులు లోయలోనికి దిగుదురు. వారు స్నానమాడిన గుండమునుండి పారు నీరు ఎంత తేటగానున్నను మనుష్యసంపర్కము కల నీరే.

ఢిల్లీ అనుభవము ఈ సందర్భమున తప్పక తలపదగినది. 1955 చివర యమునా జలములలో నగరపు మురుగు కలసి నీటి శుద్ధి కేంద్రమునకు చేరెను. అధికారులు పటికను, క్లోరిన్‌ను హెచ్చించిరి. దానిచే టైఫాయిడు, గ్రహణి పెరుగలేదు. కాని కొలది వారములలో సుమారు 29,000 మందికి కామెర్లు కనబడెను. ఆ వ్యాధి హెపటైటిస్ ఇ వలన కలిగినదని దశాబ్దముల తరువాత తేలినది. బాక్టీరియాలు అణగిపోయిన నీటిలో వైరసు నిలిచియుండుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము లేదు. మురికి హెచ్చిన నీటిలో క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోయి, వైరసును చంపుటకు చాలకపోవుననుట దీనివలన నేర్చుకొనవలసిన రెండవ సంగతి.

ఈ రెండు సంగతులను కలిపినచో మన కొండలకు తగిన పద్ధతి తనంతట తానే యేర్పడుచున్నది. ముందు వడపోత, పిదప క్లోరిన్. ఫిల్టరు మురికిని తొలగించి క్లోరిన్ వృథా కాకుండ చూచును. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియంను తానే యాపును. తాను ఆపజాలని వైరసును క్లోరిన్‌కు అప్పగించును. మాత్రల పొట్లముపై వ్రాసిన మోతాదును కలిపి, అరగంట వేచి త్రాగవలెను. నీరు మంచువలె చల్లనైనచో మరికొంతసేపు ఆగుట మేలు. వరుస తారుమారు చేసి, క్లోరిన్ కలిపిన మురికినీటిని పిమ్మట వడపోయువారు మందులో సగమును బురదకు అర్పించుచున్నారు. హెపటైటిస్ ఎ కును, టైఫాయిడుకును టీకాలు కలవు. యాత్రకు కొన్ని వారముల ముందు వైద్యుని సంప్రదించి వేయించుకొనుట ఏ ఫిల్టరుకంటెను తేలికైన రక్షణ, మూపున మోయనక్కరలేనిది.

నీటిలో కరగిన పదార్థముల విషయమున వడపోత, క్లోరిన్, కాచుట మూడును నిరుపయోగములే. నల్లగొండ ప్రాంతపు బోరునీటిలోని ఫ్లోరైడును బోలు పోగు ఆపజాలదు. పొలములనుండి కొట్టుకొనివచ్చు పురుగుమందులను ఆపజాలదు. నిలువ నీటిలో పెరుగు నీలి ఆకుపచ్చ నాచు విషమును గూడ ఆపదు. 2020 జూలైలో అమెరికాలోని జియాన్ జాతీయవనమున వర్జిన్ నదిలో అట్టి విషము కనబడినప్పుడు, ఏ ఫిల్టరునైనను నమ్మి ఆ నీటిని త్రాగవలదని అధికారులు ప్రకటించిరి. పచ్చని తెట్టు కట్టిన చెరువును, గనుల క్రింద రంగు మారిన వాగును, పైరులకు మందు చల్లిన పొలముల క్రింది కాలువను విడిచి మరియొక గంట నడచుటయే సరియైన మార్గము.

మన దేశమున దుకాణదారులును, యాత్రాసంస్థలును ఈ విషయమున చేయవలసినది కొంత యున్నది. వైరసులను గూడ నిర్ణీత ప్రమాణమున తొలగించుదానిని మాత్రమే సంపూర్ణశోధకముగా పరిగణింపవలెనని 1987లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఒక పరీక్షాక్రమము నేర్పరచెను. బాక్టీరియాలో పది లక్షలకు ఒకటి, వైరసులో పదివేలకు ఒకటి, కోశములలో వేయింటికి ఒకటి మించి మిగులరాదని దాని నియమము. బోలు పోగుల చేతివడపోత ఆ తరగతికి చెందదు. ఆ సంగతి డబ్బాపై తొమ్మిదులు వరుసగా ముద్రించిన శాతములంత పెద్ద అక్షరములతో, తెలుగులోను తక్కిన దేశభాషలలోను ఉండవలెను. మొదటిసారి కొండకు పోవు పదునెనిమిదేండ్ల విద్యార్థికి ఫిల్టరు అమ్మువాడు దానితోపాటు ఒక పొట్లము క్లోరిన్ మాత్రలను చేతిలో పెట్టి, రెంటి వరుసను నోటితో చెప్పి పంపవలెను. యాత్రాసంస్థలు తొలిదినమున బూట్ల ముడులు, సంచి పట్టీలు సరిచూచునప్పుడు పది నిమిషములు వాగు ఒడ్డున నిలిచి, సంచి నింపుటయు, సిరంజితో కడుగుటయు, రాత్రి ఫిల్టరును పడకలో దాచుటయు ప్రతివానిచేతను చేయించి చూడవలెను. అట్లు చేసిన సంస్థలలోని వంటవాడు ఉదయము కాచి యిచ్చిన నీరు మధ్యాహ్నమునకు అయిపోయినప్పుడు, యాత్రకు వచ్చిన యువకులు ఎవరి సహాయమును లేకయే తమ సీసాలను నింపుకొనగలరు.